కువైట్ దారి, అమెరికా దారి

(సదుంలో ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)



మాస్టారి పేరున జరిగే ఈ సభలో మాట్లాడమన్నప్పుడు విషయం ఏమిటన్నది నిర్వాహకులు నాకే వదిలేశారు. వలస గురించి మాట్లాడతానన్నాను. అందుకు కారణం మాస్టారే. ఆయన హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పారు. సాయంత్రమైతే ఆయన ఇంటి అరుగు మీద పిల్లలకంటే పెద్దవాళ్లే ఎక్కువగా కనిపించేవాళ్లు. పాస్‌పోర్టు దరఖాస్తు నింపించుకునేవాళ్లు, కువైట్ నుంచి వచ్చిన ఉత్తరం చదివించుకునేవాళ్లు, ఏజెంటు చేతిలో పెట్టిన కాగితంలో ఏం రాసుందో తెలుసుకోవాలని వచ్చేవాళ్లు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. లక్షా డెబ్బై వేల మంది దాకా భారతీయుల్ని జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో వెనక్కి తెచ్చారు. కట్టుబట్టలతో దిగిన ఆ జనంలో మన రాయలసీమ వాళ్లు ఎందరో ఉన్నారు. తర్వాత ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్‌ను పెట్టింది. కువైట్ విడిచి రావలసి వచ్చిన ఒక్కో మనిషికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000 డాలర్లు నిర్ణయించింది. మరే దావా వేయబోమని రాసిచ్చినవాళ్లకు అది 4,000, 8,000 డాలర్లయింది. ఊళ్లో ఆ ఫారాలు నింపిన చెయ్యి మాస్టారిది. పాస్‌పోర్టులో ముద్ర, అకామా అనే నివాస అనుమతి నకలు ఉన్నవాళ్ల పని తొందరగా తెమిలింది. ఏ కాగితమూ మిగలని వాళ్ల కోసం ఆయన నెలల తరబడి ఉత్తరాలు రాశారు. అప్పు చేసి, సముద్రం దాటి, చెమటోడ్చిన మనిషికి చివరకు ఏం దక్కుతుందన్నది కాగితం తేలుస్తుందని మాకు ఆయన పాఠంగా చెప్పలేదు, పనిచేసి చూపించారు.

కొలవాల్సింది ఏమిటి

మన పక్కనుంచి ఇప్పుడు దేశం దాటే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి కువైట్ దారి. ఇళ్లలో పనికి ఆడవాళ్లు, డ్రైవర్లుగా, వంటవాళ్లుగా, కట్టడం కూలీలుగా మగవాళ్లు పోతారు. రాయచోటి, పీలేరు, రాజంపేట, కడప జనం నడిచే దారీ ఇదే. రెండోది అమెరికా దారి. ఇంజనీరింగ్ చదివిన పిల్లలు పైచదువుకని వెళ్లి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కుదురుకుంటారు. ఇవిగాక కుప్పంలో పొద్దున్నే రైలెక్కి బెంగళూరులో పనిచేసి రాత్రికి ఇల్లు చేరేవాళ్లున్నారు, అక్కడే కట్టడాల పక్కన రేకుల షెడ్లలో ఉండిపోయేవాళ్లున్నారు. అది మరో సభకు సరిపడే విషయం. ఈరోజు దేశం దాటినవాళ్ల దగ్గరే ఆగుతాను.

ఈ రెండు వలసల్నీ ఊళ్లో పోల్చుకునే తీరు మీకు తెలుసు. ఎవరు ఎన్ని అంతస్తులు లేపారు, ఎవరు రోడ్డుపక్క నేల కొన్నారు అని చూస్తారు. అమెరికా పోయినవాడు తెలివైనవాడనీ, కువైట్ పోయినామె గతిలేక పోయిందనీ తేల్చేస్తారు. ఈ మాట అన్యాయం, అబద్ధం కూడా. ఒకే మడిలో ఒకే నీళ్లు తాగి కాసిన టమాటా మదనపల్లె మార్కెట్టుకు ఒకరోజు చేరితే లాభం తెస్తుంది, మరోరోజు చేరితే కోతకూలి కూడా రాదు. కాయలో తేడా ఏమీ లేదు. వలసపోయిన మనిషి సంపాదన కూడా సగానికి సగం అతను చేరిన చోటి నిబంధనల మీద ఆధారపడి ఉంటుంది.

అందుకని జీతం ఎంత అని అడిగే ముందు మూడు ప్రశ్నలు అడగాలంటాను. పోయేముందు ఎంత అప్పు చేశారు, ఏ వడ్డీకి చేశారు? యజమాని మంచివాడు కాకపోతే ఆ పని మాని ఇంకోచోట చేరే హక్కు ఉందా? భార్యాబిడ్డల్ని, లేదా భర్తాబిడ్డల్ని, పక్కన పెట్టుకుని ఆ దేశంలో నిలిచిపోయే దారి ఉందా? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే, ఇరవై ఏళ్ల తర్వాత ఆ కుటుంబం చేతిలో ఏం మిగులుతుందో చాలావరకు చెప్పొచ్చు.

మన జిల్లా ముందే చూసిన చరిత్ర

ఈ ప్రశ్నలు కొత్తవి కావు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రురో అనే ఓడ 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అప్పటినుంచి 1911 వరకు లక్షా యాభై రెండు వేల మందికి పైగా భారతీయుల్ని అక్కడి నేటాల్ చెరకుతోటల ఒప్పంద కూలికి తీసుకుపోయారు. మూడింట రెండొంతుల మంది మద్రాసులోనే ఓడ ఎక్కారు. వాళ్లను పంపిన ముఖ్యమైన జిల్లాల్లో ఉత్తర ఆర్కాటు ఒకటి. ఆ జిల్లాకు కేంద్రం చిత్తూరు, పుంగనూరు సంస్థానం దాని లోపలిదే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు వచ్చి కలిశాయి. ఎనిమిదేళ్లు ఆగిన నేటాల్ వలస 1874లో మళ్లీ మొదలైంది. రెండేళ్లు తిరిగేసరికి ధాత కరువు వచ్చింది. ఆకలి ఊళ్లను ఖాళీ చేస్తున్న కాలానికి ఓడలు సిద్ధంగా ఉన్నాయి.

ఒప్పందం ఐదేళ్లది. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఆపైన ఏటా ఒక షిల్లింగు పెంపు. ఆడవాళ్లకు అందులో సగం. చీటీ లేకుండా తోట దాటితే జైలు. 1895లో వచ్చిన చట్టం ఇంకో మెలిక పెట్టింది. ఒప్పందం తీరాక మళ్లీ కూలికి కుదరకుండా, తిరిగి ఇండియాకు పోకుండా అక్కడే ఉంటామనే వాళ్లు ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలి. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు, కొత్త కూలీకి ఆరు నెలల జీతం. పదహారేళ్లు దాటిన కొడుక్కీ, పదమూడేళ్లు దాటిన కూతురికీ ఆ పన్ను వేరే. స్వేచ్ఛగా నిలబడాలంటే భరించలేనంత ఖరీదు పెట్టి, మళ్లీ తోటకే తోలే ఏర్పాటు అది.

అదే రేవులో, అదే కాలంలో, సొంత టికెట్టు కొనుక్కుని గుజరాతీ వర్తకులు దిగారు. వాళ్లను ప్యాసింజర్ ఇండియన్లు అన్నారు. వాళ్ల మెడమీద ఒప్పందం లేదు, చేతిలో ఎంతో కొంత పెట్టుబడి ఉంది. వాళ్లు అంగళ్లు పెట్టారు, భూములు కొన్నారు. వర్ణవివక్ష ఇద్దర్నీ బాధించింది, అయినా బతుకులు వేరయ్యాయి. 1913లో గాంధీజీ నాయకత్వాన గనుల్లో, తోటల్లో వేల మంది కూలీలు సమ్మె కట్టారు. 1914లో ఆ పన్ను రద్దయింది. ఆ మెలిక విడిపోయాక ఒప్పంద కూలీల బిడ్డలు కూరగాయల తోటలు వేశారు, చిన్న కమతాల్లో చెరకు పండించారు, పిల్లల్ని బడికి పంపారు. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం గౌరవించి ప్రోత్సహించాల్సిన భాషల్లో తెలుగునూ పేర్కొంది. మధ్యలో 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం వాళ్ల ఇళ్లనూ నేలలనూ లాక్కుంది కూడా. మనుషులు వాళ్లే, కష్టం అదే. చట్టం సడలినప్పుడు ఎదిగారు, బిగిసినప్పుడు కూలిపోయారు.

కువైట్ లెక్క

ఇప్పుడు మన కాలానికి వద్దాం. కువైట్‌లో సుమారు పది లక్షల మంది భారతీయులున్నారు. ఆ దేశ జనాభాలో ఐదోవంతుకు పైగా, పనిచేసే వాళ్లలో దాదాపు 30 శాతం మనవాళ్లే. అక్కడి చట్టంలో కంపెనీ పనికి 18వ నంబరు వీసా, ఇంటిపనికి 20వ నంబరు వీసా. జనం మొదటిదాన్ని షూన్ వీసా అనీ, రెండోదాన్ని ఖాదిం వీసా అనీ అంటారు. మన ఆడబిడ్డల్లో ఎక్కువమంది పోయేది ఖాదిం వీసా మీదే.

కువైట్ ప్రభుత్వం ఇంటిపనివాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికొక రోజు విశ్రాంతి, ఏడాదికి జీతంతో సెలవు ఇవ్వాలి. 2016లో కనీస జీతం 60 దినార్లని నిర్ణయించారు. ఇప్పటి మారకంలో అది పదిహేడు వేల రూపాయల పైచిలుకు. గల్ఫ్ దేశాల్లో ఇలాంటి చట్టం చేయడంలో కువైట్ ముందుందని ఒప్పుకోవాలి. కానీ ఇంటిపనిలో ఇల్లే పనిచోటు, ఇల్లే నివాసం. తలుపు లోపల ఎన్ని గంటలు పని జరిగిందో తనిఖీ అధికారికి తెలియదు. తిట్లు, దెబ్బలు తట్టుకోలేక ఆ ఇల్లు విడిచి బయటికొస్తే పరారీ కేసు పెడతారు. అకామా పోతుంది. ఆ క్షణం నుంచి ఆమె ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి. దొరికిన చోట దొరికిన కూలికి దాక్కుని పనిచేయాలి, జబ్బుచేస్తే ఆస్పత్రికి పోవడానికీ భయమే. 2018లో, మళ్లీ 2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు జరిమానా లేకుండా ఇల్లు చేరిన వాళ్లలో ఇలాంటివాళ్లు ఎందరో. 2024 జూలై నుంచి సెప్టెంబరు దాకా ఖాదిం వీసా నుంచి షూన్ వీసాకు మారే వీలు కల్పించారు. రెండు నెలలు తెరిచిన కిటికీ అది, దానికీ యజమాని ఒప్పుకోవాలి.

మూడో ప్రశ్నకు జవాబు ఇంకా కఠినం. కుటుంబాన్ని తెచ్చుకునే వీసాకు నెలకు 800 దినార్ల జీతం ఉండాలని 2024లో నిబంధన పెట్టారు. ఇంటిపని కనీస జీతానికి అది పదమూడు రెట్లు. పౌరసత్వమైతే ఎన్నేళ్లున్నా రాదనే అనుకోవాలి. కాబట్టి ఆమె తన పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి, ఇంకొకరి పిల్లల్ని పెంచుతుంది. వచ్చిన జీతంలో దాదాపు అంతా ఇంటికి పంపుతుంది. ఆ డబ్బు ఏజెంటు అప్పుకు, నూటికి మూడు రూపాయల వడ్డీకి, కూతురి పెండ్లికి, కొడుకు ఫీజుకు, అత్తమామల ఆస్పత్రి ఖర్చుకు పోతుంది. మిగిలితే మిద్దె లేస్తుంది. ఒంట్లో శక్తి అయిపోయాక తిరిగొస్తే పింఛను లేదు, పీఎఫ్ లేదు. ఆమె కట్టిన ఇల్లే ఆమెకు ఆధారం.

అమెరికా లెక్క

అమెరికా 1965లో వలస చట్టాన్ని మార్చి చదువుకున్న ఆసియావాళ్లకు తలుపు తీసింది. మొదట డాక్టర్లు, ఇంజనీర్లు, ప్రొఫెసర్లు పోయారు. 1977లోనే న్యూయార్క్‌లో అక్కడి తెలుగువాళ్ల సంఘం తానా తొలి మహాసభ జరిగిందంటే అప్పటికే వాళ్లు ఎంతగా నిలదొక్కుకున్నారో ఊహించుకోవచ్చు. 1990 చట్టంతో హెచ్‌-1బి వీసా వచ్చింది. ఇప్పుడు ఏటా 65,000, అక్కడే మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. ఊళ్లనుంచి మన పిల్లలు నడిచిన బాట ఇది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యమా అని రైతుకూలీల పిల్లలు కూడా ఇంజనీరింగ్ పూర్తిచేసి ఈ బాట పట్టారు.

2023లో అమెరికాలో భారతీయ కుటుంబాల మధ్యస్థ ఆదాయం ఏడాదికి లక్షా యాభై ఒక్క వేల డాలర్లు. ఆ దేశంలో అన్ని కుటుంబాల మధ్యస్థ ఆదాయం 80 వేల డాలర్ల పైచిలుకు. ఈ తేడా చూసి మన జాతి గొప్పదని చప్పట్లు కొట్టుకోవడం పొరపాటు. ఆ వీసా డిగ్రీ లేనివాణ్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. ముందే ఏరి తీసుకున్నవాళ్ల ఆదాయం ఎక్కువగా ఉండటంలో వింత లేదు. వాళ్ల చదువుకైన ఖర్చు అమెరికా పెట్టలేదు. మన అమ్మానాన్నలు, మన బళ్లు, మన ప్రభుత్వాలు పెట్టాయి.

ఆ దారిలోనూ ముళ్లున్నాయి. పొలం తాకట్టుపెట్టి విద్యారుణం తెచ్చిన పిల్లవాడు తెల్లారి లేస్తే కిస్తీ గురించే ఆలోచిస్తాడు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదంటే దేశం విడవాలి. ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదు. అందువల్ల మనవాళ్ల వరస దశాబ్దాలు సాగుతోంది. చిన్నప్పుడే తల్లిదండ్రులతో పోయిన పిల్లలు 21 ఏళ్లు రాగానే ఆ వరసలోంచి జారిపోతున్నారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఒక్క సంతకంతో ఎన్ని ఇళ్లలో నిద్ర పోయిందో మీకు తెలుసు.

అయినా ఆ మూడు ప్రశ్నలకు జవాబులు చూడండి. అమెరికా పోయినవాడి అప్పు పెద్దదే, కానీ చాలావరకు బ్యాంకు వడ్డీకి తెచ్చింది. 2000 నాటి చట్టం వల్ల అతను ఒక కంపెనీ మాని మరో కంపెనీలో చేరగలడు. భార్యాబిడ్డలు పక్కనుంటారు, అక్కడ పుట్టిన పిల్లల ముందు పెద్ద దారి ఉంటుంది. కువైట్ పోయినామెకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. మన దేశానికి వచ్చే ప్రవాసుల డబ్బులో 2023-24లో అమెరికా వాటా 27.7 శాతమని, ఆరు గల్ఫ్ దేశాలదీ కలిపితే సుమారు 38 శాతమని రిజర్వు బ్యాంకు సర్వే చెప్పింది. ఏ హక్కూ లేని చోటునుంచి మనవాళ్లు పంపుతున్నది అంత. ఆ డబ్బు వెనక ఎంత ఓర్పుందో ఆ అంకెలో కనపడదు.

కాగితం ఒక్కటే చాలదు

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. హక్కులుంటే చాలా, అన్నీ వాటంతట అవే వస్తాయా? దీనికి జవాబు కోసం అమెరికాలోనే ఉన్న మరో రెండు వలస సమూహాల్ని చూడాలి. 1991లో సొమాలియా ప్రభుత్వం కూలిపోయాక అక్కడి జనం చెల్లాచెదరయ్యారు. అమెరికా చాలామందిని శరణార్థులుగా తీసుకుంది. మిన్నెసోటా రాష్ట్రం వాళ్లకు పెద్ద ఆవాసమైంది. వాళ్లకు వచ్చిన ఏడాదికే గ్రీన్‌కార్డు అడిగే హక్కు, ఐదేళ్లకు పౌరసత్వం అడిగే హక్కు, తొలినెలల్లో ప్రభుత్వ సాయం దొరికాయి. ఎల్ సాల్వడార్ జనం 1980 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చారు. ఆనాటి అమెరికా వాళ్లలో అతికొద్దిమందినే శరణార్థులుగా ఒప్పుకుంది. 2001 భూకంపాల తర్వాత కొందరికి తాత్కాలిక రక్షణ ఇచ్చి, దాన్ని గడువు మీద గడువుగా పొడిగిస్తూ వచ్చింది.

కాగితమే అన్నీ తేల్చేదైతే సొమాలీలు ముందుండాలి. కుటుంబ ఆదాయం చూస్తే సాల్వడార్ వాళ్లే ముందున్నారు. సొమాలీ కుటుంబాలు శిబిరాల్లో ఏళ్లు గడిపి, చదువు తెగిపోయి, ఎక్కువమంది పిల్లలతో, ఆలస్యంగా వచ్చాయి. సాల్వడార్ వాళ్లకు కట్టడం పనుల్లో, వంటశాలల్లో, శుభ్రం చేసే పనుల్లో చోటు చూపించే ముందుతరం ఉంది. అయితే సంపాదించింది నిలుపుకోవడం దగ్గర కథ తిరగబడుతుంది. సొమాలీలు ఓటుతో నగర మండలి నుంచి అమెరికా పార్లమెంటు దాకా వెళ్లారు. 2018లో ఇల్హాన్ ఒమర్ ఎన్నికైంది. తాత్కాలిక రక్షణ మీదున్న సాల్వడార్ మనిషి ఇరవై ఏళ్లు పన్నులు కట్టీ, ఇల్లు కొనీ, వచ్చే గడువు పొడిగిస్తారో లేదోనని ఎదురుచూస్తున్నాడు. అంటే చదువూ ముందుపోయినవాళ్ల తోడూ సంపాదననిస్తాయి. హక్కు ఆ సంపాదనను నిలబెడుతుంది. రెండూ కావాలి.

మన చేతిలో ఉన్న పని

కువైట్ చట్టాన్ని మనం మార్చలేం, వాషింగ్టన్‌లో సంతకాన్ని ఆపలేం. అయితే ఆ రెండు దారులూ చీలే చోటు మన ఊళ్లోనే ఉంది. అది పదో తరగతి. 1983 వలస చట్టం కింద పది పాసైన వాళ్లకు వలస అనుమతి అక్కర్లేని పాస్‌పోర్టు వస్తుంది. కానివాళ్లకు గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే అనుమతి కావాలి. అలాంటి పాస్‌పోర్టున్న ఆడవాళ్లు ఇంటిపనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. ఇది రక్షణ కోసం పెట్టిన నియమం. ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపి దాన్ని దాటిస్తారు. దాటిన మరుక్షణం ఒప్పందం లేదు, బీమా లేదు, కష్టమొస్తే ఎంబసీ దగ్గర చూపించడానికి ఏ ఆధారమూ లేదు.

అందుకని నాలుగు పనులు ఈ సభ ముందు పెడుతున్నాను.

మొదటిది, ఈ మండలంలో ఏ ఆడపిల్లా పదికి ముందు బడి మానకుండా చూడటం. మానేసినవాళ్లను, కువైట్ నుంచి తిరిగొచ్చిన తల్లుల్ని ఓపెన్ స్కూల్లో చేర్పించి పరీక్ష రాయించడం.

రెండోది, సదుంలో వారానికొక రోజు తెరిచే వలస సహాయ కేంద్రం. పోవాలనుకునేవాళ్లు అక్కడికి వస్తే, ఏజెంటు పేరు ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో నమోదై ఉందో లేదో చూసి చెప్పాలి. ఒప్పందాన్ని తెలుగులో చదివి వినిపించాలి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు ఇంట్లో ఒకటి, కేంద్రంలో ఒకటి ఉంచాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో పోతే కుటుంబానికి 10 లక్షల రూపాయలొస్తాయి. ఆ కాగితం లేకుండా ఎవరూ బస్సెక్కకూడదు.

మూడోది, అప్పు. పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లను అడుగుతున్నాను. పోక తప్పని ఆడమనిషికి సంఘం నుంచే తక్కువ వడ్డీకి అప్పిప్పించండి. వడ్డీ వ్యాపారి చేతిలో ప్రామిసరీ నోటు లేని మనిషి కొట్టే యజమాని ఇంటినుంచి ధైర్యంగా బయటికొస్తుంది.

నాలుగోది, అమెరికాలో ఉన్న మన పిల్లలకు నా విన్నపం. మీరు ఊరికి గుళ్లు కట్టించారు, బడికి కంప్యూటర్లు పంపారు, సంతోషం. ఈ కేంద్రం నడవడానికి ఒక మనిషి జీతం మీరు భరించండి. మీ చదువుకు ఫీజు పంపిన చేతుల్లో కువైట్‌లో అంట్లు తోమిన చేతులూ ఉన్నాయి.

ఇంకొక్క మాట. కువైట్‌లో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన ఆడవాళ్లకు అరబ్బీ మాట్లాడటం వచ్చు, అక్కడి చట్టం వచ్చు, ఏ ఇంట్లో ఎలా మెలగాలో, ఎప్పుడు పోలీసు దగ్గరికి పోవాలో వచ్చు. ఈ ప్రాంతంలో ఆ విద్య వాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు. కొత్తగా పోయేవాళ్లకు వాళ్లే పాఠం చెప్పాలి, ఆ పాఠానికి మనం జీతం ఇవ్వాలి. వచ్చే ఏడాది మాస్టారి సభ జరిగే నాటికి ఆ కేంద్రం తలుపు తెరుచుకుని ఉండాలి, అందులో పాఠం చెప్పే కుర్చీలో కువైట్ నుంచి తిరిగొచ్చిన మన ఆడబిడ్డ ఉండాలి. ఆ పనికి నా సమయం, నా పింఛనులో ఒక భాగం ఇస్తానని మీ అందరి ముందు మాట ఇస్తున్నాను. మీలో ఎవరెవరు చెయ్యి కలుపుతారో సభ అయ్యాక పేర్లు రాయించండి.